మాత్ర గడిలో ‘అవును’

జూన్ 4. ఎండ నాలుగు గంటల పది నిమిషాలు. కరెంటు పెట్టినది పదహారు మందికి.

యంత్రం పుస్తకంలో ఎడమ పేజీ ఆసుపత్రిది. ఎండ ఎంతసేపు కాసింది, ఎంతమంది వచ్చారు, యంత్రం ఎక్కడ మొరాయించింది, ఇవన్నీ అక్కడ రాయాలి. కుడి పేజీ ఎప్పుడూ ఖాళీయే. అందుకని నా మాటలు ఇక్కడ రాసుకుంటున్నాను. నా పేరు సత్యవేణి. తూరుపుమెట్ట ఆసుపత్రిలో కరెంటు యంత్రం, అంటే గడ్డ తీసిన చోట కిరణాలు పెట్టే యంత్రం, నడిపేది తొమ్మిదేళ్ళుగా నేనొక్కదాన్నే.

పొద్దున ఆరింటికి కప్పు మీదికెక్కి, ఎండతో యంత్రాన్ని నడిపించే పలకలు తుడిచాను. మెట్లు మెట్లుగా ఉన్న మా ఊళ్ళో సముద్రం పోయినేడు ఇంకో రెండు మెట్లు పైకి వచ్చింది. అప్పటినుంచి రాత్రికి రాత్రే పలకల మీద ఉప్పు పేరుకుపోతోంది. తుడవకపోతే మధ్యాహ్నానికి ముగ్గురికి పెట్టాల్సిన కరెంటు పోయినట్టే.

ఇవాళ గరికిన నూకాలమ్మ వచ్చింది. డెబ్బై ఒకటేళ్ళు. దిగువ రేవు షెడ్డులో సముద్రపు పాచి మొలకల్ని తాళ్ళకు ముడివేసే పని. ఆపరేషన్‌కు మత్తుమందు తెచ్చే పడవ ఆలస్యమై నాలుగు నెలలు గడ్డ పెరగనివ్వని మాత్రలతోనే నెట్టుకొచ్చింది. మూడు వారాల క్రితం డాక్టర్ కరుణాకర్ గారు రొమ్ములోంచి గడ్డ తీశారు. చిన్నదే. చంకలో గ్రంథులకేమీ లేదు.

తూనిక అని మేం పిలిచే లెక్కల యంత్రంలో ఆమె వివరాలు పెట్టాను. వయసు, గడ్డ కొలత, గడ్డ స్వభావం. మాత్ర వేసుకుంటున్నారా లేదా అన్న గడిలో అప్పటికే ‘అవును’ ఉంది. అన్నీ చూసి తూనిక ఒక అంకె చెబుతుంది. ఇలాంటి ఆడవాళ్ళు వందమందికి కరెంటు పెడితే, పదేళ్ళలో ఎంతమందికి అదే రొమ్ములో గడ్డ తిరిగి రాకుండా ఆగుతుందో ఆ అంకె. ఎనిమిది లోపు వస్తే కరెంటు అక్కర్లేదు, మాత్ర చాలు. ఉన్న ఎండ ఎవరికి ఎక్కువ పనికొస్తుందో వాళ్ళకే.

నూకాలమ్మకు ఐదు వచ్చింది.

“అయితే నాకు కరెంటు పెట్టరా?”

“నీకు అక్కర్లేదు నూకాలమ్మా. మాత్ర రోజూ వేసుకుంటే చాలు. ఐదేళ్ళు.”

“నువ్వు సెప్తే సరే,” అని లేచింది. నా మాట మీద ఆమెకున్న నమ్మకం చూసి ఇవాళంతా హాయిగా ఉంది.

జూన్ 9. ఎండ మూడు గంటల నలభై. పద్నాలుగు మంది.

షేక్ మస్తానమ్మ మళ్ళీ వచ్చింది. నూకాలమ్మ పక్కనే కూర్చుని ముడులు వేసే మనిషి. అరవై తొమ్మిది. మూడేళ్ళ క్రితం ఆమెకు తూనిక నాలుగు చెప్పింది, కరెంటు పెట్టలేదు. ఇప్పుడు అదే రొమ్ములో, పాత కుట్టు పక్కనే గడ్డ.

డాక్టరు గారు పరీక్ష చేసి చాలాసేపు చేతులు కడుక్కున్నారు. “వందలో నలుగురని ముందే చెప్పింది కదా. ఆ నలుగురిలో ఈమె ఒకరు. తూనిక తప్పేం కాదు సత్యవేణీ,” అన్నారు.

నిజమే. కానీ ఈ ఏడు ఇలా తిరిగొచ్చిన వాళ్ళలో మస్తానమ్మ ఐదో మనిషి. అది ఆయనకూ తెలుసు.

జూన్ 11. ఎండ మూడు గంటలు. పన్నెండు మంది.

పాత పుస్తకాలన్నీ తీశాను. ఆరేళ్ళలో అరవై ఐదు దాటిన రెండు వందల పన్నెండు మందికి ‘కరెంటు అక్కర్లేదు’ అని చెప్పాం. చెప్పింది నా నోటితోనే. తూనిక లెక్క ప్రకారం ఈపాటికి ఏడెనిమిది మందికి తిరిగి రావచ్చు. వచ్చింది పంతొమ్మిది మందికి.

రెండుసార్లు లెక్కపెట్టి, కాగితం తీసుకెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు.

“పంతొమ్మిది మందికీ ఆపరేషన్ చేసింది నేనే,” అన్నారు.

“నేను ఆ ఉద్దేశంతో తేలేదు సార్.”

“తెలుసు. అయినా అదే కదా ముందు చూడాల్సింది.”

మధ్యాహ్నం నుంచీ ఆయన పాత గాజు పలకలన్నీ బయటికి తీసి, కోసిన ముక్కల అంచుల్లో ఏమైనా మిగిల్చారేమోనని ఒక్కొక్కటే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తున్నారు. భోజనానికి లేవలేదు. ఆ కాగితం ఎందుకిచ్చానా అనిపించింది. ఇవ్వకుండా ఉండగలిగేదాన్ని కూడా కాదు.

జూన్ 14. మబ్బు. ఎండ రెండు గంటల ఇరవై. తొమ్మిది మంది.

వానలు దగ్గరకొచ్చాయి. రెండింటికల్లా యంత్రం ఆగిపోయింది. మస్తానమ్మకు ఆపరేషన్ తేదీ చెప్పాలని రేవుకు దిగాను.

షెడ్డులో నలభై మంది దాకా ఆడవాళ్ళు. నీళ్ళు కారే తాళ్ళు ఒళ్ళో పెట్టుకుని జానెడుకొక మొలక చొప్పున ముడివేస్తున్నారు. మస్తానమ్మ నన్ను చూసి తాడు పక్కన పెట్టింది. తేదీ విన్నది. ఈసారి రొమ్ము మొత్తం తీసేస్తారని కూడా విన్నది. కాసేపు తన చేతుల వంక చూసుకుంది.

“అమ్మా, ఒక మాటడుగుతాను. కోపం చేసుకోవద్దు.”

“అడుగు మస్తానమ్మా.”

ఆమె వెనక్కి తిరిగి సంచిలోంచి రేకు డబ్బా తీసి మూత తెరిచింది. లోపల మాత్రల అట్టలు. విప్పని అట్టలు, రబ్బరు బ్యాండు వేసి, వరసగా పేర్చి.

“మూడేళ్ళు కావస్తోందమ్మా వేసుకోక. రెండో నెలకే వేళ్ళు కట్టెలైపోయాయి. పొద్దున్నే పిడికిలి విప్పుకోవడానికి వేణ్ణీళ్ళలో పెట్టుకోవాలి. ముడి పడక నా తాళ్ళు నీళ్ళలో ఊడిపోయేవి. ఊడిపోతే ఇక్కడ కూర్చోనివ్వరు.”

“మరి రెండు నెలలకోసారి వచ్చి మందులు తీసుకెళ్ళావు కదా?”

“మేం తీసుకోకపోతే పడవ వాళ్ళు మాత్రలు తగ్గించేస్తారంట. వేసుకునేవాళ్ళకి దొరకవు. అందుకని తీసుకుంటాం.”

‘తీసుకుంటాం’ అంది. నేను తలెత్తి చూశాను. చుట్టూ ముడులు వేయడం ఆగిపోయింది. నూకాలమ్మ నా వైపు చూడకుండా తాడు సర్దుకుంటోంది.

“నూకాలమ్మా, నువ్వు కూడానా?”

“నెలన్నర ఏసుకున్నాను. ఆ తరవాత ఒగ్గీసినాను.”

“మొన్న నాతో చెప్పలేదేం?”

“నువ్వడగనేదు కదమ్మా. మాత్ర ఏసుకుంటే సాలు అన్నావు. ఏసుకుంతన్నావా అననేదు.”

“మళ్ళీ మొదలుపెడతావా?”

“మొదలెడతాననే సెప్తాను, నీ ముందు.”

వచ్చేటప్పుడు మస్తానమ్మ షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. “నేను ఆపేశానని ఆ రోజే చెప్పుంటే నాకు కరెంటు పెట్టేవాళ్ళా?”

అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది.

“పెట్టేవాళ్ళం,” అన్నాను.

ఆమె తలాడించి లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 15. ఎండ రెండు గంటల పది. ఎనిమిది మంది.

తూనికలో మాత్ర గడి నేను నింపేది కాదు. మందుల గదిలో అట్టలు ఇవ్వగానే దానంతటదే ‘అవును’ అని పడుతుంది. తీసుకెళ్ళినవాళ్ళు మింగుతున్నారనే దాని నమ్మకం. దానికి లెక్క నేర్పినవాళ్ళు ఎక్కడో చల్లటి ఊళ్ళలో మాత్ర తప్పకుండా వేసుకున్న ఆడవాళ్ళ వివరాలు చూపించి నేర్పారు. మాత్రే సగానికి పైగా పని చేస్తుంది కాబట్టి మిగిలినదానికి కరెంటు అక్కర్లేదంటుంది. మాత్ర చేయాల్సిన ఆ పనే ఇక్కడ జరగడం లేదు.

నూకాలమ్మ గడిలో ‘కాదు’ అని మార్చి చూశాను.

పదిహేడు.

ఐదు కాదు, పదిహేడు. ఇది చావు లెక్క కాదు, గడ్డ తిరిగొచ్చే లెక్క. అయినా డెబ్బై దాటిన మనిషికి ఇంకో ఆపరేషన్, ఇంకో మూడు నెలల మంచం అంటే చిన్న సంగతా?

మార్చడానికి డాక్టరు గారి సంతకం కావాలి. ఆయన గది తలుపు వేసుకుని గాజు పలకల ముందు కూర్చున్నారు. వారం జాబితా సాయంత్రం నాలుగింటికి ఖాయమైపోతుంది. ఈ వారం కొత్తగా ఒక్కరికే చోటుంది. ఆ తర్వాత వానలు, మళ్ళీ అక్టోబరే.

మూడూ యాభైకి మార్పు ఖాయం చేసేశాను. సంతకం గడిలో నా పేరు పెట్టాను.

నూకాలమ్మ పేరు పైకొచ్చింది. అప్పటిదాకా ఆ చోట ఉన్న పేరు జారి అక్టోబరుకు పోయింది. ఆ పేరు విశాలాక్షి టీచరు గారిది. అరవై ఎనిమిదేళ్ళు, అంకె తొమ్మిది. పై మెట్టు బడిలో నాకు అక్షరాలు దిద్దించిన మనిషి.

పదిహేడు కన్నా తొమ్మిది తక్కువే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పైగా ఆమె టీచరు గారు. గంట కొట్టినట్టు మాత్ర వేసుకునే మనిషి. ఆమెకేం భయం లేదు.

జూన్ 17. ఎండ గంటా యాభై. ఏడుగురు.

టీచరు గారు గొడుగును ఊతకర్రలా పట్టుకుని పదింటికి వచ్చారు. కుర్చీ వేశాను. మోకాళ్ళు వంచడానికే చాలాసేపు పట్టింది.

“జాబితాలో నా పేరు లేదట వేణీ.”

చెప్పేశాను. గడి మార్చింది నేనేనని, ఎవరినీ అడగలేదని, ఆమె కన్నా ఆ చోటు ఎక్కువ అవసరమైన మనిషి ఉందని. ఆమె మధ్యలో ఒక్క మాటా అనలేదు. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేటప్పుడు కూడా అంతే, పూర్తయ్యేదాకా ఆగేవారు.

“పదిహేడు పెద్దదే కదా. సబబుగానే చేశావు,” అని లేవబోయారు. కుర్చీ చెయ్యి పట్టుకుని సగం లేచి, అలాగే ఆగిపోయారు.

“వేణీ, ఆ గడిలో నాకూ ‘కాదు’ అని పెడితే ఎంతొస్తుంది?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“బడికి నూట నలభై మెట్లు,” అన్నారు. “మాత్ర వేసుకున్న రోజుల్లో ముప్పై ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేసేవి. పైన పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. ఆపరేషన్ కాకముందే, ఫిబ్రవరిలో మానేశాను. నీతో చెబుదామనుకున్నాను. ఇన్నేళ్ళూ మీ అందరికీ క్రమశిక్షణ చెప్పినదాన్ని, ఏ మొహంతో చెప్పను?”

గడి మార్చాను. తూనిక ఇరవై రెండు చూపించింది.

నూకాలమ్మను అడిగాను. ఈమెను అడగలేదు. తూనిక చేసిన తప్పే నేనూ చేశాను. దానికైనా అడగడం రాదు. నాకు వచ్చు.

ఆమెకు ఆపరేషన్ జరిగింది మార్చి 31న. కుట్టు మానడం ఆలస్యమై ఇన్నాళ్ళు ఆగారు. పన్నెండు వారాలు దాటితే కరెంటు ఫలితం తగ్గుతుందని డాక్టరు గారి నియమం. ఆ గడువు ఈ 23న తీరిపోతుంది. మామూలుగా కరెంటు పదిహేను రోజులు పెట్టాలి. అంకె తొమ్మిదే కదా అని గడువు కాస్త దాటినా ఫరవాలేదనుకున్నాం, ఇరవై రెండుకు అలా కుదరదు.

ఆమెను అక్కడే కూర్చోబెట్టి డాక్టరు గారి గది తలుపు తట్టకుండానే తోసుకుని వెళ్ళాను. రేకు డబ్బా దగ్గర్నుంచి ఇరవై రెండు దాకా అన్నీ చెప్పాను. సంతకం సంగతీ చెప్పాను.

ఆయన సూక్ష్మదర్శిని మీంచి తలెత్తారు. ఏడు రోజులుగా ఆయన తన చెయ్యి తప్పిందనే అనుకుంటున్నారు. ఆ ముఖంలో ముందు బరువు దిగినట్టయింది, ఆ వెంటనే కోపం వచ్చింది.

“నా సంతకం గడిలో నీ పేరు పెడతావా? తలుపు కొట్టడానికి ఎన్ని అడుగులు వేయాలి నువ్వు?”

“తప్పే సార్.”

“ఇలా ఒక్కొక్క గడీ మార్చుకుంటూ పోతే వందమంది తేలతారు. ఎండేది? ఎవర్ని తీసి ఎవర్ని పెడతావు?”

“తీయొద్దు సార్. పదిహేను రోజుల మోతాదు ఐదు రోజుల్లో పెడితే? పెద్దవయసు వాళ్ళకి అలా పెట్టొచ్చని మీరే ఒకసారి చెప్పారు.”

“చెప్పాను. రోజు మోతాదు రెట్టింపు అవుతుందని కూడా చెప్పాను. వెంట్రుకవాసి పక్కకి పోతే ఊపిరితిత్తికి తగులుతుంది. మన యంత్రం గురి అంత సరిగ్గా ఉందని నువ్వు చెప్పగలవా?”

“రేపు చూసి చెబుతాను.”

ఆయన కిటికీలోంచి మబ్బు వంక చూశారు. తర్వాత లేచి బయటికొచ్చి టీచరు గారి ఎదురుగా నిలబడ్డారు. “అమ్మా, ఎల్లుండి రండి. మెట్లెక్కొద్దు, డోలీ పంపిస్తాను,” అన్నారు.

జూన్ 18. ఎండ రెండు గంటలు. ఎవరికీ పెట్టలేదు.

ఎండంతా గురి పరీక్షకే ఖర్చు చేశాను. రావాల్సిన ఎనిమిది మందికీ రేపు రమ్మని కబురంపాను. ఇద్దరు వినకుండా వచ్చి నన్ను తిట్టిపోశారు. మైనపు దిమ్మ మీద పదకొండుసార్లు కిరణం వేసి చూశాను. మొదటి నాలుగుసార్లు రెండు మిల్లీమీటర్లు ఎడమకు పోయింది. బల్ల కింద మర బిగించాక నిలబడింది. చివరి ఏడుసార్లూ అర మిల్లీమీటరు దాటలేదు.

డాక్టరు గారు కొలతలన్నీ తానే మళ్ళీ తీసి, కాగితం మీద సంతకం పెట్టారు. ఈసారి ఆయన గడిలో ఆయనే.

జూన్ 19. ఎండ రెండు గంటల అయిదు నిమిషాలు. పదిమంది.

టీచరు గారికీ, నూకాలమ్మకూ మొదటి రోజు. తల మీదుగా చేతులు పైకెత్తి పడుకోవాలి. నూకాలమ్మ చల్లటి బల్ల మీద పడుకుంటూనే, “ఇంతేనా? దీనికేనా ఇంత గొడవ?” అంది.

జూన్ 21. ఎండ గంటా ముప్పావు. ఎనిమిది మంది.

మస్తానమ్మకు ఆపరేషన్ అయింది. మెలకువ వచ్చాక చెయ్యి పట్టుకుంటే, నా వేళ్ళని మెల్లగా నొక్కి వదిలేసింది. కోపమో నొప్పో నాకు తెలియలేదు.

జూన్ 23. ఎండ యాభై ఒక్క నిమిషం.

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

పదకొండింటిదాకా ఒక్క చినుకు లేదు, ఒక్క కిరణమూ లేదు. పదకొండూ ఇరవైకి మబ్బు విడింది. రోజూ వచ్చే నలుగురికీ పెట్టడం అయ్యేసరికి పన్నెండు దాటింది. టీచరు గారికిది అయిదో రోజు, గడువు ఇవాళే. బల్ల మీద సర్దాను, గీతలు కలిపాను. బయటికొచ్చి తలుపు వేసి మీట నొక్కాను.

లోపలి వైపు కిరణం పూర్తయింది. రెండో వైపు మొదలైంది. ఇంకా పద్దెనిమిది సెకండ్లు ఉండగా దీపం ఎర్రబడి యంత్రం ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే రేవు మీద ఆకాశం మొత్తం నల్లగా ఉంది.

“టీచర్ గారూ,” మైకులో పిలిచాను. “కదలొద్దు. ఎండ పోయింది. మిమ్మల్ని లేపితే, మళ్ళీ సర్దేలోపే వచ్చిన ఎండ కాస్తా అయిపోతుంది.”

“ఎంతసేపు?”

“తెలీదండీ.”

చేతులు పైకెత్తిన మనిషి అలాగే ఉండిపోయింది. ఐదు నిమిషాలకు భుజాలు వణకడం తెర మీద కనిపించింది. డాక్టరు గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. “లేపేద్దామా?” అన్నారు. నేను మైకులో అడిగాను.

“వద్దు,” అన్నారు టీచరు గారు. ఊపిరి బిగబట్టి మాట్లాడుతున్నారు. “నాతో ఏదైనా మాట్లాడు వేణీ.”

ఏం మాట్లాడాలో తెలియక ఎక్కాలు చెప్పనా అన్నాను. నవ్వొచ్చి కదిలిపోతారని భయపడ్డాను, ఆమె నవ్వలేదు. “పదమూడు,” అన్నారు. పదమూడో ఎక్కం చెప్పాను. పదమూడు తొమ్మిదుల దగ్గర తప్పు చెబితే దిద్దారు. పదిహేడు, పంతొమ్మిది చెప్పించారు. డాక్టరు గారు కిటికీ దగ్గరే నిలబడి మబ్బు వంక చూస్తున్నారు. నూకాలమ్మ బయట బల్ల మీద కూర్చుని, తన వంతు రాదని తెలిసీ వెళ్ళలేదు. ఆమెకింకా వారాల గడువుంది.

ఇరవై ఆరు నిమిషాలు గడిచాయి.

“వచ్చింది!” అన్నారు డాక్టరు గారు.

ముల్లు కదిలింది. మీట నొక్కేముందు తెర మీద గీతలు చూశాను. అర మిల్లీమీటరు. ఆ మనిషి అంతసేపూ ఆ మాత్రమే కదిలింది. నొక్కాను. పద్దెనిమిది సెకండ్లు నా జన్మలో అంత పొడుగ్గా గడవలేదు. పచ్చ దీపం వెలిగింది. తలుపు తోసుకుని పరిగెత్తి ఆమె చేతులు పట్టి కిందికి దించాను. మోచేతులు బిగుసుకుపోయి వంగడం లేదు. నిమురుతూ ఉంటే ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నావీ ఆగలేదు.

“అయిందా?”

“అయిందండీ.”

మూడు నిమిషాల్లో మళ్ళీ మబ్బు మూసింది. నూకాలమ్మ లేచి కొంగు దులుపుకుని, “నాను రేపొస్తాన్లే,” అని మెట్లు దిగిపోయింది.

జూన్ 26. వాన. ఎండ లేదు.

నూకాలమ్మకు 24న ముగిసింది.

ఇవాళ డాక్టరు గారు గొడుగేసుకుని, “పద, రేవుకెళ్దాం,” అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన షెడ్డుకు దిగడం నేనెప్పుడూ చూడలేదు. పాత జాబితాలో ఉన్నవాళ్ళందరికీ నిన్ననే కబురు చేశాం. పై మెట్ల నుంచి కూడా వచ్చారు. తాళ్ళ మధ్య, గోడల వారన, వంద మందికి పైనే.

ఆయన గొంతు సవరించుకున్నారు. “మాత్ర మానేసినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. పడవలో మాత్రలు తగ్గవు, ఆ పూచీ నాది. మిమ్మల్ని అడగకుండానే వేసుకుంటున్నారని రాసుకున్నాం. ఆ తప్పు మాది. ఇప్పుడు అడుగుతున్నాను. మానేసినవాళ్ళు చెయ్యెత్తండి.”

ఎవరూ కదల్లేదు. రేకుల మీద వాన చప్పుడే. మొదట నూకాలమ్మ ఎత్తింది. తర్వాత గోడ వారన ఇద్దరు. తర్వాత ఒక్కసారిగా వరస వెంట వరస. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అరవై రెండు.

ముందు వరసలో చెయ్యెత్తని ముసలామె కూర్చుని ఉంది. ఒళ్ళో తాడు, నోట్లో పుగాకు. డాక్టరు గారు ఆమె దగ్గరికెళ్ళి వంగారు.

“మీరు వేసుకుంటున్నారా అమ్మా?”

“రోజూ ఏసుకుంతన్నాను బావు. నా సెయ్యెందుకెత్తుతాను?”

పక్కవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

“వేసుకుంటే ఎలా ఉంటోంది?”

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. నోట్లోది పక్కకు నెట్టుకుంది. “అదో పెద్ద కత,” అంది. “సెప్పమంటే సెప్తాను గానీ, నువ్వు నిలబడి ఇనలేవు.”

ఆయన గొడుగు మడిచి గోడకు ఆనించి, తడి తాళ్ళ కుప్ప మీదే కూర్చున్నారు. నేను పుస్తకం తెరిచాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.